పట్టు బిగిస్తే తెరుచుకోని భరిణె

సువర్చలా నగరపు కోటలో ఆ రోజు ఎవరూ ఎవరి చేతి నీళ్ళూ తాగడం లేదు.

వంటవాడు తాను వండిన పులుసు తానే ముందు జుర్రి చూపించాల్సి వస్తోంది. పూలమ్మే మనిషి బుట్టలో చెయ్యి పెట్టి తడమడానికి ఒక భటుడు, ఆ భటుణ్ణి కనిపెట్టి ఉండడానికి ఇంకొక భటుడు. పట్టపుటేనుగుకు చెరకు తినిపించే మావటి కూడా ముందు ఒక ముక్క నమిలి ఏనుగుకు చూపించాడట. ఏనుగు నమ్మిందో లేదో తెలియదు గాని, పక్కనున్న కాపలావాడు మాత్రం నమ్మలేదు.

వాళ్ళననీ లాభం లేదు. రాజ్యం నుంచి వెళ్ళగొట్టిన మాంత్రికుడు ధూమకర్ణుడు ఎవరి రూపంలోనో కోటలోకి చొరబడ్డాడని వార్త. ఎవరి రూపమో ఎవరికీ తెలియదు. పైగా అది మూత కొలువు జరిగే రోజు.

ఆ రాజ్యంలో ఒక వింత ఆచారం ఉంది. ప్రతి అమావాస్య నాటి మధ్యాహ్నం, సింహాసనం మీద ఉన్నవారు తమ మందు భరిణెను నిండు కొలువులో తామే తెరిచి, మందు పుచ్చుకుని, మళ్ళీ తామే మూత పెట్టాలి. ఎవరూ చెయ్యి సాయం చేయకూడదు, ఇలా తెరవండి అని మాట సాయం కూడా చేయకూడదు. తెరవలేకపోతే సింహాసనం దిగాలి. తన మందు తాను తీసుకోలేని చెయ్యి రాజ్యాన్ని ఏం పట్టుకుంటుందని పూర్వపు రాజెవరో పెట్టిన నియమం. ఆ మహానుభావుడికి కీళ్ళనొప్పులు వచ్చి ఉండవు.

మహారాణి చారుమతీదేవికి వచ్చాయి. ఏళ్ళ తరబడి ఆమె చేతివేళ్ళు రెల్లుపుల్లల్లా నిటారుగా బిగుసుకుపోయి, వంగడం మానేశాయి. ఆమె గుండెను ఆడిస్తున్నది శశికాంత లేహ్యం ఒక్కటే. అమావాస్య నాడు పొద్దు గుంకేలోగా అది కడుపులో పడాలి, లేకపోతే ఆ గుండె ఆగిపోతుంది. ఆ లేహ్యంతో ఒక చిక్కు ఉంది. దానికి కాసేపటికి మించి గాలి తగలకూడదు. మూత సందు నుంచి కాస్త గాలి చొరబడుతూ ఉన్నా వెన్నలా తెల్లగా ఉండేది నీలంగా మారి విషమైపోతుంది. లక్కతో మూత బిగిస్తే మహారాణి తెరవలేదు. వదులుగా పెడితే మందు ఉండదు.

నిరుడు వానాకాలంలో అదే జరిగింది. యువరాజు జయధ్వజుడు తన చేత్తో మూత పెట్టిన భరిణెలో లేహ్యం నీలంగా మారింది. తెలియక ఒక చిటికెడు నాలుక మీద వేసుకున్న మహారాణి చావు తప్పించుకుని బయటపడింది. కొడుకే విషం కలిపాడని కొలువంతా ఒక్క గొంతుతో అంది. శిరశ్ఛేదం విధించారు. జయధ్వజుడు చెర తప్పించుకుని అడవుల్లో పడి, తరిమెన అనే చట్రానికి కొయ్య బిగించి, గిరగిరా తిప్పుతూ బొమ్మలు చెక్కే వాళ్ళ గూడెంలో తలదాచుకున్నాడు. అక్కడ తరిమెన తిప్పడం నేర్చుకుంటూ ఉండగానే అసలు సంగతి తెలిసింది. ఆ పాత భరిణెకు గిన్నె ఒక చెట్టు కొయ్యతో, మూత ఇంకొక చెట్టు కొయ్యతో చేశారు. వానకు రెండూ రెండు రకాలుగా ఉబ్బి మధ్యలో సందు పడింది. విషం పెట్టింది ఎవరూ కాదు, వాన.

కాని ఆ మాట ఎవరు నమ్ముతారు? మందు పాడవని భరిణె ఒకటి చేసి తల్లి చేతిలో పెడితే ఆమె బతుకుతుంది, తన తలా నిలుస్తుంది. కొత్త భరిణె చేసేవాడు కావాలని కోట చాటింపు వేయగానే జయధ్వజుడు పెరిగిన గడ్డంతోనే, ముఖానికి మసి పూసుకుని, తరిమెన భుజాన వేసుకుని సింగన్న అనే పేరుతో కోటలో అడుగు పెట్టాడు.

ఆ ఉదయం అతను ఆయుధశాల పక్కనున్న కొట్టంలో, పూర్తయిన భరిణెను గుడ్డతో తుడుస్తున్నాడు. గిన్నే మూతా ఒకే అంకుడు చెట్టు దుంగ నుంచి తీసినవి. గిన్నె మీది కొయ్యచారలు మూత మీదకు తెగకుండా సాగిపోయాయి. పైన ఎర్రలక్క మెరుపు. మూత లోపల మైనం పట్టించిన మేకతోలు పట్టీ, దాని పక్కన ఎవరికీ కనబడకుండా దాచిన రెండు పలచని కొమ్ము రేకులు.

"ఏరా తరిమెనోడా! అయిందా నీ డబ్బా?" అంటూ కోటకాపరి గజపాలుడు లోపలికి వచ్చాడు. పేరుకు తగ్గ మనిషే, గుమ్మంలో పక్కకు తిరిగితే తప్ప పట్టడు. "ఇట్టా తే. లోపల ఏం పెట్టావో చూడాలి."

"ఖాళీదే దొరా. తెరిచి చూసుకోండి."

గజపాలుడు మూత అంచును గుప్పిట్లో పట్టి తిప్పాడు. రాలేదు. పళ్ళు బిగించి తిప్పాడు. రాలేదు. భరిణెను రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, మెడ నరాలు ఉబ్బేదాకా గింజుకున్నాడు. మూత కదల్లేదు సరికదా, ఇంకా బిగిసినట్టనిపించింది.

"ఓరి దొంగ వెధవా! నాకే లొంగనిది ఆ పెద్దావిడ చేతికి లొంగుద్దా? ఆమెను సింహాసనం దింపాలని వచ్చావు గదూ? ఎవడు పంపాడు నిన్ను? ధూమకర్ణుడా?" గజపాలుడి కత్తి సగం ఒరలోంచి బయటికి వచ్చింది.

"ఆగండి దొరా. చేతుల్లో బలం లేని మనిషినెవరినైనా పిలిపించండి. అప్పుడు చూద్దురు గాని."

దిక్కులేనివాళ్ళ సత్రం నుంచి భటులు ఒక ముసలిదాన్ని తీసుకువచ్చారు. ముడతలు పడిన నల్లని ముఖం, తలకు చింకి గుడ్డ. ఈ మధ్యనే ఎక్కడి నుంచో వచ్చిందట, మాట రాదట. జయధ్వజుణ్ణి చూడగానే ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. నోరు తెరిచింది, శబ్దం రాలేదు. అతను భరిణె అందించాడు. ఆమె చాచిన అరచేతిని మూత మీద మెత్తగా ఆనించి, మణికట్టు కాస్త తిప్పింది. మూత ఊడివచ్చింది.

గజపాలుడు నోరు వెళ్ళబెట్టాడు.

కిటుకంతా ఆ కొమ్ము రేకుల్లో ఉంది. బలమున్న చెయ్యి దేన్నయినా అంచు పట్టి పిండుతుంది. పిండితే రేకులు లోపలికి వంగి గాడిలో దిగబడి మూతను పట్టేస్తాయి. ఎంత పిండితే అంత పట్టు. వేళ్ళు వంగని చెయ్యి పిండలేదు, అరచెయ్యి ఆనించి తిప్పడం తప్ప దానికి వేరే దారి లేదు. అప్పుడు దిగబడిన రేకులైనా గాడి వదిలి, మూత జారి వచ్చేస్తుంది. తల్లి చేతులను తలుచుకుంటూ చేసిన భరిణె అది. ఈ రహస్యం జయధ్వజుడు ఎవరికీ చెప్పలేదు.

అయితే ఆ క్షణంలో అతనికి ఆనందం కలగలేదు, భయం వేసింది. ముసలిది ఊడిన మూతను కింద పెట్టలేదు. గడ్డం కిందికి తీసుకుని మెడకు అదిమి ఇరికించుకుంది. లోకంలో అలా చేసే మనిషిని అతను ఒక్కరినే ఎరుగును. వేళ్ళు మొరాయించినప్పటి నుంచి చారుమతీదేవి మందు మూతను అలాగే గడ్డం కింద పెట్టుకునేది. అంతఃపురం దాటి ఆ అలవాటు ఎవరికీ తెలియదు.

ఈ ముసలిదానికి ఎలా తెలిసింది? మహారాణి అంతఃపురంలోనే ఉంది, నిన్న సాయంత్రం మేడ మీద నిలబడి ఉండగా తాను చూశాడు. అంటే ఎవరో నేర్పి పంపారు. తాను కొడుకేనా కాదా అని తెలుసుకోవడానికి, ముఖం చూసి పసిగట్టడానికి పంపారు.

ముసలిది భరిణెనూ మూతనూ బల్ల మీద దించి, దగ్గరికి వచ్చి, నిటారు చేతిని అతని చెంప వైపు చాచింది. అతను పామును చూసినట్టు వెనక్కి గెంతాడు.

"దొరా, ఇది సత్రం మనిషి కాదు. నా పనితనం కాజేయడానికి వచ్చిన గూఢచారి. ధూమకర్ణుడి మనిషే అయి ఉంటుంది. దీన్ని నా కంటికి కనబడనీయకండి!"

గజపాలుడికి అంతకంటే ఏం కావాలి? పొద్దుటి నుంచి ఒక్కరినైనా పట్టుకోలేదని అతని మనసు పీకుతోంది. భటులు ముసలిదాన్ని రెక్క పట్టి లాక్కుపోయారు. ఆమె పెనుగులాడలేదు. పోతూ పోతూ గుమ్మం పక్కన పడి ఉన్న భరిణె ఒకటి, అతను మొదట నమూనాకు చేసి పారేసినది, రెండు మణికట్ల మధ్య ఎత్తి గుండెకు హత్తుకుని తీసుకుపోయింది. భటులు నవ్వారు.

మధ్యాహ్నం కొలువు నిండింది.

సువర్చలా నగరపు సభామండపం గురించి ఎంత చెప్పినా తక్కువే. పగడపు స్తంభాల మీద పచ్చల తీగెలు అల్లుకుని ఉన్నాయి. పైకప్పున అద్దిన అభ్రకపు రేకుల మీద సూర్యకాంతి పడి, వెన్నెల వంటి వెలుగై కింద కూర్చున్నవారి కిరీటాల మీద, కంఠహారాల మీద జలజలా రాలుతోంది. పునుగు, జవ్వాజి, అగరు ధూపం. నెమలి వింజామరలు వీచే కన్నెల గాజుల సవ్వడి. ఇంత వైభవంలోనూ ఒక్కరైనా పక్కవాడికి వీపు పెట్టి కూర్చోలేదు. అందరూ గోడలకు, స్తంభాలకు వీపులు ఆనించుకుని, ఎదుటివాడి చేతులనే చూస్తున్నారు.

సింహాసనం మీద మహారాణి చారుమతీదేవి. తెల్లని పట్టుచీర, తెల్లని జుట్టు, ఒడిలో వణుకుతున్న చేతులు. తల్లిని అంత దగ్గరగా చూసేసరికి జయధ్వజుడికి కళ్ళు చెమర్చాయి. తల వంచుకున్నాడు.

రాజవైద్యుడు శల్యనాథుడు వెండి గరిటెతో లేహ్యాన్ని భరిణెలోకి తీశాడు. బక్కపలచని మనిషి, చూపులో చూపు కలపడు. నిరుడు లేహ్యం నీలంగా మారిందని మొట్టమొదట అరిచింది ఈయనే. ధూమకర్ణుడు ఎవరి రూపంలోనైనా ఉన్నాడంటే ఈయన రూపంలోనే ఉండి ఉంటాడని జయధ్వజుడు వచ్చిన రోజే తీర్మానించుకున్నాడు. కళ్ళార్పకుండా ఆ గరిటెనే చూస్తూ, మూత పెట్టి, అరచేత్తో అదిమి తిప్పాడు.

శల్యనాథుడు వంగి భరిణె అందుకుంటూ చెవిలో గొణిగాడు. "ఆ మోచేతి మీద మచ్చ నేను కోసిన కురుపుదే. మసి పూసినా నా కంటికి దాగదు నాయనా."

వైద్యుడు భరిణెను పళ్ళెంలో పెట్టి మహారాణి ముందుంచాడు.

మహారాణి చేతులు వణుకుతూ లేచాయి. భరిణె మీదికి వచ్చాయి. చేతివేళ్ళు మెల్లగా ముడుచుకుని, డేగ గోళ్ళలా మూత అంచు చుట్టూ బిగుసుకున్నాయి.

మూత రాలేదు. ఆమె మళ్ళీ పట్టి తిప్పింది. వణుకు తగ్గింది. ఇంకా గట్టిగా పిండింది. వణుకు పూర్తిగా పోయింది. ముసలి చేతి చర్మం కింద కండలు తాళ్ళలా లేచాయి. భరిణె కిర్రుమంది గాని మూత బిగిసే ఉంది.

సభలో గుసగుసలు పుట్టాయి. మహారాణి భరిణెను పళ్ళెంలో విసిరి కొట్టింది. "వీడు ద్రోహి! తెరుచుకోని భరిణె చేసి తెచ్చాడు! పట్టుకోండి వీణ్ణి!"

భటులు జయధ్వజుడి చేతులు వెనక్కి విరిచారు. గజపాలుడు మాత్రం తల గోక్కున్నాడు. "తెరుచుకోకపోవడం ఏంటి తల్లీ? పొద్దున ఆ సత్రం ముసలిది ఇట్టే తీసేసింది. ఏలు కూడా వంచలా. చెయ్యి ఊరికే ఆనిచ్చింది, అంతే."

వేలు కూడా వంచలేదు.

జయధ్వజుడు సింహాసనం మీది చేతులను చూశాడు. పళ్ళెం అంచును పట్టుకున్న ఆ పది వేళ్ళూ చక్కగా వంగి ఉన్నాయి. పొద్దున తన చెంప వైపు చాచిన చెయ్యి కళ్ళ ముందు కదిలింది. నిటారు వేళ్ళు. గడ్డం కింద మూత.

"మా అమ్మ వేళ్ళు వంగవు!" అని సభ దద్దరిల్లేలా అరిచాడు. "వేళ్ళు వంగి నాకు ఒక్క ముద్ద కలిపి పెట్టి ఎన్నేళ్ళో అయింది! నువ్వు మా అమ్మవు కావు!"

సింహాసనం మీంచి నవ్వు వినబడింది. ఆడ గొంతుతో మొదలై మగ గొంతులోకి దిగింది. తెల్లజుట్టు అంచుల నుంచి బూడిదరంగు పొగ లేచింది. ముఖం మారలేదు, అదే మరీ భయంకరంగా ఉంది. తల్లి ముఖంలోంచి ధూమకర్ణుడు మాట్లాడాడు.

"ఎవడో పొరుగూరి వడ్రంగివి అనుకున్నాను. కొడుకువా! ఇంకా మంచిది. ఒరే, మీ అమ్మ ముఖం నేను తీసుకుని, దారిన పోయే ముసలిదాని ముఖం ఆమెకు తగిలించాను. ఆమె ప్రాణం పోతే ఈ రూపం నాకు శాశ్వతం. కాని నా చేత్తో చంపితే మంత్రం విరిగిపోతుంది, మనుషుల చేతే చంపించాలి. అందుకే మాట పోగొట్టి, ఈ అనుమానపు కోటలో వదిలేశాను. ఎవరో ఒకరు గూఢచారి అని వేలు చూపించకపోతారా అని. చూపించింది ఎవరు?"

జయధ్వజుడు భటుల పట్టు విదిలించుకుని గజపాలుడి భుజాలు పట్టుకున్నాడు.

"ఆమె ఏది? ఆమెను ఏం చేశారు?"

గజపాలుడి ముఖం పాలిపోయింది. "నువ్వే గదయ్యా గూఢచారి అన్నావు... గూఢచారికి ఏం చేస్తాం? తెడ్డు లేని పడవ ఎక్కించాం. ఘోషవతిలోకి తోసేశాం."

ఘోషవతి నది కోటగోడను ఒరుసుకుని పారుతుంది. కొంత దూరం పోయాక పాతాళం అంత లోతుకు దూకుతుంది. ఆ జలపాతం చప్పుడు కోటలో పసిపిల్లలకు జోలపాట. తెడ్డు లేని పడవలో ఆ దారి పోయినవాళ్ళు ఇంతవరకు ఎవరూ తిరిగిరాలేదు.

ధూమకర్ణుడు చేతులు చాచాడు. మండపపు తెరలు వాటంతట అవే భగ్గుమని అంటుకున్నాయి. పగడపు స్తంభాల మీది పచ్చల తీగెలు పాములై బుసకొడుతూ కిందికి జారాయి. కన్నెలు కెవ్వుమన్నారు, సామంతులు ఒకరినొకరు తోసుకుంటూ ద్వారం వైపు పరిగెత్తారు. జయధ్వజుడు పళ్ళెంలోని భరిణె కోసం దూకాడు. అతని కంటే ముందే ఒక బక్క చెయ్యి దాన్ని అందుకుంది.

శల్యనాథుడు!

జయధ్వజుడు అతని గొంతు పట్టుకోబోయాడు. వైద్యుడు భరిణెను అతని చేతిలో కుక్కి, వెండి గరిటె మొనను, మీదికి వస్తున్న పాము పడగలో దించాడు.

"నన్ను తర్వాత అనుమానించవచ్చు. పొద్దు గుంకేలోగా ఇది ఆమె నోట్లో పడాలి. పరిగెత్తు!"

"నేనెవరో తెలిసి కూడా ఎందుకు పట్టివ్వలేదు?"

"నిరుడు కూడా నాకు నీ మీద అనుమానం లేదు యువరాజా. మూత మీదే. కాని చెప్పడానికి ధైర్యం చాలలేదు. పో!"

జయధ్వజుడు మండుతున్న తెర కింద నుంచి దూరి, మెట్లు ఎక్కి, కోటగోడ మీదికి పరుగు తీశాడు. వెనక ధూమకర్ణుడి పొగ అతని మడమలను తరుముకొస్తోంది. దారికడ్డం వచ్చిన భటుణ్ణి గజపాలుడు ఒక్క తోపు తోసి, "పోనివ్వండ్రా! అసలు మహారాణి ఏట్లో ఉంది!" అని అరిచాడు. సగం మంది భటులు నమ్మారు. తక్కిన సగం మంది గజపాలుడి రూపంలో ఉన్నది ఎవరా అని ఆలోచనలో పడ్డారు.

గోడ మీది నుంచి చూస్తే ఘోషవతి నురగలు కక్కుతూ, పడమటి ఎండలో రాగి కరిగించి పోసినట్టు పారుతోంది. జలపాతం దగ్గర నీటి ఆవిరి మబ్బులా లేచి ఉంది. ఆ మబ్బుకు ఇవతల, నదిలో పొడుచుకొచ్చిన ఒక రాతికి తట్టుకుని ఒక చిన్న పడవ గిరగిరా తిరుగుతోంది. రాయి నుంచి జారితే ఇక ఆపేది ఏదీ లేదు.

గోడ ఎత్తు ఎంతో అతను చూడలేదు. భరిణె వైపు మాత్రం ఒక్కసారి చూశాడు. ఇన్నాళ్ళూ గాలి చొరకూడదనే ఆలోచించాడు. నీటి మాట ఆలోచించనేలేదు. ఇప్పుడు దీనితో ఏట్లో దూకాలి. మేకతోలు పట్టీ దగ్గర ఒక్క బొట్టు లోపలికి వెళ్ళినా, ఈదుకుంటూ పోయి తల్లి నోట్లో తన చేత్తోనే విషం పెడతాడు. ఈసారి వాన మీద నెట్టడానికి కూడా ఉండదు. మూత అంచును గుప్పిట్లో పట్టి, రేకులు కిర్రుమనేదాకా పిండి బిగించాడు. తలపాగా విప్పి భరిణెను నడుముకు కట్టుకున్నాడు.

పొగ పైకి లేచి, రెక్కలు విప్పి, పెద్ద డేగ అయి అతని నెత్తి మీద నీడ పరిచింది. జయధ్వజుడు దూకాడు.

గాలిలో ఉండగానే ఆమెను స్పష్టంగా చూశాడు. పడవలోకి నీళ్ళు వస్తున్నాయి. ముసలిది మోకాళ్ళ మీద కూర్చుని, అతను పారేసిన నమూనా భరిణెను రెండు మణికట్ల మధ్య పట్టుకుని, ముంచి ముంచి నీళ్ళు బయటికి తోడుతోంది. తల ఎత్తి కొడుకును చూసింది. చూసినా తోడడం ఆపలేదు. భరిణె మూత గడ్డం కింద భద్రంగా ఉంది.